సున్నపు గీత కుండ

ఆసుపత్రిలోకి దొంగచాటుగా తిండి తీసుకుపోవడం నాకు పోయిన వారం రెండోసారి. మొదటిసారి చేసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. దానికి శిక్ష నాకు పడలేదు, వేరే మనిషికి పడింది.

మోకాళ్ల నొప్పికి మాత్రలు రాయించుకుందామని ఆత్మకూరులో బస్సెక్కి వెళ్లాను. ఉదయగిరి కొండ కంటికి ఆనేంత దూరంలో, రోడ్డు పక్కనే ఉంటుంది మా పాత ఆసుపత్రి. లాభం కోసం పెట్టింది కాదు. చుట్టుపక్కల చర్చిల వాళ్లూ ఊళ్ల వాళ్లూ తలో చెయ్యి వేసి నిలబెట్టుకున్నది. ఇప్పుడు దానికి రంగులు వేశారు, పెద్ద గేటు పెట్టారు, గేటుకు సెక్యూరిటీ మనిషిని కూడా పెట్టారు. ఆ మనిషి ముందు నా ఈడు మనిషి ఒకామె స్టీలు క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది.

"బయట తిండి లోపలికి పోకూడదు అవ్వా. బోర్డు పెట్టుండారు చూడు."

"నాకు చదువొస్తే ఇట్టెందుకుంటా నాయనా? గంజే ఇది. కోడలికి ఆపరేషన్ అయినాది. రెండు దినాలుగా ఏమీ తినలా."

"లోపల క్యాంటీన్ ఉండాది. ఆడ ఇడ్లీ దొరకతాది."

"దానికి ఇడ్లీ సయించదు నాయనా. గంజి అడిగినాది, తెల్లారే లేచి కాంచుకోనొచ్చినా."

"నేనేం చేసేది? రూల్ అవ్వా, రూల్."

నాకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని అదిలించిన గొంతు కదా, "గంజి పోనీని ఆసుపత్రి ఏందయ్యా? గంజితో పుట్టిన ఆసుపత్రి ఇది, తెలుసా నీకు?" అని కేకలేశాను. అతను నా వంక విసుగ్గా చూసి, "మేడం, మీ చీటీ చూపించి మీరు పోండి" అన్నాడు. అతన్ని అని ఏం లాభం? బోర్డు రాయించింది అతను కాదు. నేను ఆ అవ్వను గోడ వారకు తీసుకుపోయి, క్యారియరు నా సంచిలో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, మోకాలి నొప్పి ముసలమ్మలాగా కుంటుకుంటూ లోపలికి పోయాను. వార్డు నంబరు అడిగి కనుక్కుని ఆ కోడలి చేతికిచ్చాను. ఆ పిల్ల మూత తీసి వాసన చూసిందో లేదో కళ్లనీళ్లు పెట్టుకుంది.

వస్తూ క్యాంటీన్ చూశాను. గుమ్మం పైన పూలదండ వేసిన ఫోటో. దాని కింద ఫలానా పెద్దాయన గారి స్మారక భోజనశాల అని బంగారు రంగు అక్షరాలు. ఆ ముఖం నాకు తెలుసు. అక్కడే కాళ్లు ఆగిపోయాయి.

ఆఫీసు కుర్రాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. పరిగెత్తుకొచ్చి కుర్చీ వేశాడు. "మేడం, ఆసుపత్రి పండగకు పుస్తకం వేస్తా ఉన్నాం. చిన్నప్పుడు మీరిక్కడ ఉన్నారంట గదా, ఆసుపత్రి సేవ గురించి నాలుగు మంచి మాటలు రాసియ్యండి" అన్నాడు. రాస్తానన్నాను. ఇదిగో, రాస్తున్నాను.

మాది కొండాపురం వైపు ఒక మెట్ట పల్లె. నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడు వానల్లేవు. నాయన కూలికి కావలి దిక్కు పోయాడు. ఎండలు ముదిరే వేళకు మా అమ్మకు ఒళ్లంతా నీరు పట్టింది. ముందు పాదాలు, తర్వాత కాళ్లు, చివరకు ముఖం ఉబ్బిపోయి కళ్లు కనపడకుండా పోయాయి. అవ్వ, అంటే మా అమ్మ తల్లి, నన్నూ అమ్మనూ బండిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చింది. ఇరవై మంచాలుండేవి. అవి నిండితే వరండాలో చాపలు. ఒక్కతే డాక్టరమ్మ. పొద్దున్నే వచ్చి అమ్మ ముంగాలు మీద బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేది. ఆమె వెళ్లిపోయాక నేనూ నొక్కేదాన్ని. మెత్తటి సద్ది సంకటిలో వేలు గుచ్చినట్టు దిగబడిపోయేది.

"ఉప్పు తగలకూడదు. ఒక్క పలుకు కూడా తగలకూడదు" అని డాక్టరమ్మ అవ్వతో గట్టిగా చెప్పింది. "ఉప్పు తినే మనిషికి నేను మందిచ్చి ఏం లాభం? ఆ మంచం వరండాలో ఉన్నవాళ్లకి ఇచ్చేస్తాను, నిన్ను బండెక్కిస్తాను." ఆ మాట ఊరికే అన్నది కాదు. మేము చేరిన వారంలోనే ఎండుచేప తిన్న ఒక ముసలాయన్ని నిజంగానే ఇంటికి పంపించింది. తర్వాత ఆయన పోయాడని విన్నాం.

వార్డు వెనక తాటాకు కొట్టం ఒకటి ఉండేది. వచ్చినవాళ్లు అందులో మూడు రాళ్లు పెట్టుకుని వండుకునేవాళ్లు. తుమ్మకట్టెల పొగ, ఉలవలు ఉడికే వాసన, వార్డులోంచి వచ్చే ఫినాయిలు వాసన, అన్నీ కలిసి మా బట్టలకు పట్టేవి. ఇంటికి పోయాక కూడా ఎన్నో రోజులు నా పావడా ఆసుపత్రి వాసనే వేసింది. వండుకునే దిక్కు లేనివాళ్లకూ పథ్యం వాళ్లకూ ఆసుపత్రే గంజి కాచి పోసేది. ఆ గంజి కాచే ఆమెను అందరూ గంజక్క అనేవాళ్లు. అసలు పేరు ఎవరూ అడగలేదు. వింజమూరు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. నల్లగా, పొడుగ్గా, రవికె లేకుండా చీర బిగించి కట్టుకుని, నోట్లో ఎప్పుడూ ఆకువక్కతో ఉండేది.

గంజికి బియ్యం ఎక్కడివనుకున్నారు? ఏ దాతవీ కావు. మా వైపు క్రైస్తవుల ఇళ్లల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తారు. ఆదివారం దాన్ని గుడికి తెస్తారు. ఎన్నో గుళ్ల పిడికెళ్లు కలిసి మూటలై ఆసుపత్రికి చేరేవి. ఆ కరువులో పిడికెడంటే ఏమిటో కడుపు నిండా తినేవాళ్లకు తెలియదు. మా అవ్వ వారానికి రెండు పూటలు బియ్యం వండితే గొప్ప, మిగతా రోజులు సజ్జలు. సజ్జలు దంచిన రోజు సజ్జల్లోనే పిడికెడు తీసేది. "వాళ్లేదో ఇస్తే మనం తింటా ఉండామనుకోబాక. మన పిడికెడే మనకు తిరిగొస్తా ఉండాది" అనేది నాతో. పండగ పుస్తకాల్లో పేదలకు పెట్టారు, పేదలకు పోశారు అని రాసేవాళ్లు ఈ సంగతి ఎక్కడా రాయరు. పెట్టింది ఆ పేదవాళ్లే.

కలగాపులగం బియ్యంతో గంజి కాయడం అందరికీ చేతకాదు. కొన్ని లావు, కొన్ని ఎర్రటివి, కొన్ని ఉత్త నూకలు. ఒకటి జావయ్యే వేళకు ఇంకొకటి పలుకుగా ఉంటుంది. గంజక్క చేటలో పోసుకుని చూసి ఏ ఊరివో చెప్పేసేది. "ఇవి సోమశిల కాడివి, ఏటి నీళ్లు తాగినాయి, ఊరికే ఉడికిపోతాయి. ఇవి కొండాపురం రాళ్లు, వీటిని ముందేసి పుల్లలు ఎగదొయ్యాల." నేను పక్కన కూర్చుని రాళ్లు ఏరేదాన్ని. అందుకు కూలిగా మొదటి గరిటె గంజి, వేలెడు బెల్లంముక్క నాకే.

రెండు కుండలుండేవి. ఒకటి ఉప్పుది, ఒకటి చప్పిడిది. రెండూ మసిబారి ఒకేలా ఉండేవి కాబట్టి ఆమె రోజూ పొద్దున్నే తన ఆకుసంచిలోని సున్నం వేలికి తీసుకుని చప్పిడి కుండ మెడ చుట్టూ గీత గీసేది. పొగకు ఆ గీత మధ్యాహ్నానికే చెరిగిపోయేది, మళ్లీ గీసేది. చప్పిడి కుండ వార్డులోకి పోయే ముందు ప్రతి పూటా అరచేతిలో ఒక చుక్క పోసుకుని నాకి చూసేది. "ఉప్పు తగలలా, పోండి" అని అన్నాక గానీ ఆయాలు ఆ కుండ ఎత్తేవాళ్లు కాదు.

కొట్టంలోనే ఒక మూల ఇటుకలు వరసగా పేర్చి ఉండేవి. వాటికి అవతల ఒక్క పొయ్యి. అది కమిటీ పెద్దాయన ఇంటిది. ఆయన పొలాలున్న ఆసామి, ఆసుపత్రి కమిటీలో ఆయన మాటే మాట. కోడలికి కాన్పు కష్టమై వార్డులో ఉంది. ఆయన భార్య, మేమంతా పెద్దింటామె అనేవాళ్లం, కోడలి కోసం విడిగా వండుకునేది. గంజక్క పొయ్యిలోంచి నిప్పు కూడా తీసుకునేది కాదు. ఆ ఇటుకల పక్కన వాసెన కట్టిన ఆవకాయ జాడీ ఒకటి ఉండేది. వాసెన విప్పినప్పుడల్లా కొట్టంలో ఉన్న ఆడవాళ్లందరూ గుటకలు మింగడం నేను చూశాను.

మూడు వారాలకు మా అమ్మ కళ్లు తెరుచుకున్నాయి. కాళ్ల మీద గుంట తొందరగా పూడుతోంది. కానీ మనిషికి విసుగు పుట్టింది. "నోరు చచ్చిపోయినాది పాపా. ఈ చప్పిడి గంజి తాగేదానికన్నా పోతే మేలు. నాలిక మీదికి ఒక్క ముక్క కారం తేరాదా?" అంది ఒకరోజు, అవ్వ లేనప్పుడు. నేను కొట్టంలోకి పోయాను. పెద్దింటామె కోడలికి అన్నం పెట్టడానికి వార్డులోకి పోయి ఉంది. ఇటుకలు దాటాను, వాసెన విప్పాను, వేళ్లు ముంచి ఒక ముక్క తీసి, పావడా కుచ్చెళ్లలో దాచి తెచ్చాను. అమ్మ దాన్ని నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. సగం చీకి మిగిలిన సగం నాకు పెట్టింది. ఇద్దరం దుప్పటి కింద నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. "రేపు కూడా తెస్తావా?" అని అడిగింది. తెచ్చాను. ఆ తర్వాత రోజూ తెచ్చాను.

అయిదో రోజు పొద్దున అమ్మ ముఖం మళ్లీ ఉబ్బిపోయింది. డాక్టరమ్మ కాలు నొక్కితే గుంట పూడనే లేదు. "ఎవరు పెట్టారు ఉప్పు?" అని అరిచింది. అవ్వ లబోదిబోమంది. తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేసింది. డాక్టరమ్మ నా వంక కూడా చూసింది. అప్పుడే దుప్పటి కింద అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. చెప్తే మంచం పోతుంది, మంచం పోతే అమ్మ పోతుంది. నాకు అది అర్థమయ్యే వయసే. నోరు మూసుకున్నాను.

"అయితే గంజిలోనే వచ్చి ఉండాలి" అంటూనే డాక్టరమ్మ ఒక కాన్పు కేసుకు పరిగెత్తాల్సి వచ్చింది. ఆ రోజు కమిటీ పెద్దాయన వచ్చి ఉన్నాడు. తీర్పు ఆయన చేతికి పోయింది.

కొట్టంలో చప్పిడి కుండ అడుగున ఆ పూట గంజి ఇంకా మిగిలే ఉంది. గీత కూడా ఉంది. గంజక్క లేచి నిలబడి, "నేను నాకి చూసే పంపినా సామీ. పొరబాటు జరగలా" అంది.

"గీత గీసేదీ నువ్వే, చూసేదీ నువ్వే. చదువూ సంధ్యా లేని మనిషి చేతిలో రోగుల ప్రాణాలు పెడితే ఇట్టనే ఉంటాది" అన్నాడాయన.

పెద్దింటామె ఇటుకల అవతల నుంచి, "నా జాడీ కూడా నాలుగు దినాలుగా తగ్గతా వస్తా ఉండాది. ఎవురా అని చూస్తా ఉండా, ఇప్పుడు తెలిసినాది" అంది.

మా అవ్వకు ఇక పట్టపగ్గాల్లేవు. "నా బిడ్డను చంపబోయినావు గదే! పిడికెడు పిడికెడు తెచ్చి నీ కుండలో పోసినామే, ఇందుకా?" అని మట్టి తీసి దుమ్మెత్తి పోసింది. నిజంగానే పోసింది. గంజక్క తలలో, భుజాల మీద ఆ మన్ను పడింది. ఆమె తుడుచుకోలేదు. గరిటెతో కుండలో మిగిలిన గంజి తీసి, పెద్దాయన వైపు రెండు చేతులతో చాపింది.

"నాలిక మీద ఒక్క చుక్క ఏసుకోని చూడండి సామీ. ఉప్పుంటే నా తల నరికెయ్యండి."

ఆయన చప్పున రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏయ్, దూరం!"

అంతే. ఒక్క చుక్కతో తేలిపోయే సంగతి. ఎవరూ చూడలేదు. ఆయన చూడలేదు, ఎందుకంటే ఆ చేతి గంజి ఆయన నోట పెట్టుకోడు. పెద్దింటామె అసలే చూడదు. మా అవ్వ కోపంలో ఉంది. రోజూ ఆ చప్పిడి కుండలోంచే మొదటి గరిటె తాగే నేను అక్కడే, గంజక్కకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. ఆ పొద్దున కూడా తాగాను. చప్పగానే ఉంది. ఆవకాయ జాడీ ఆయన ఇంటిది, ఉప్పు ఆయన ఇంటిది, దాన్ని మోసిన వేళ్లు నావి. తప్పు మాత్రం గంజక్కకు అంటగట్టారు. నన్ను నేను ఈ రోజుకీ తిట్టుకుంటాను, కానీ నాకు తొమ్మిదేళ్లు. ఆ పెద్దమనిషికి ఎన్నేళ్లు?

సాయంత్రానికల్లా వెళ్లిపొమ్మన్నారు. డాక్టరమ్మ వచ్చి ఆమె తరఫున ఏదో మాట్లాడిందట. కమిటీ మాట దాటలేకపోయింది. దాటి ఉండాల్సింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మనిషి, ఆమె మీద నాకు గౌరవం ఉంది, అయినా ఈ మాట అనకుండా ఉండలేను.

బావి దగ్గర గంజక్క రెండు కుండలూ తోముతోంది. నేను దూరంగా నిలబడ్డాను. "ఇట్టా రా" అంది. పోయాను. నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను బావురుమన్నాను.

"ఏడవబాక. ఎవురన్నా ఇంటారు." బూడిద తీసుకుని నా వేళ్లు ఒక్కొక్కటే రుద్దింది, గోళ్ల సందుల్లో కూడా. "మీ అమ్మకి ఇంక పెట్టబాక బిడ్డా. చచ్చిపోతాది. అడిగినా పెట్టబాక, తిట్టినా పెట్టబాక."

"నేను చెప్తా పెద్దాయనకి" అన్నాను వెక్కుతూ.

"చెప్పినావంటే మంచం తీసేస్తారు. నాది మంచం కాదు, పొయ్యే గదా, యాడన్నా దొరకతాది పొయ్యి." నీళ్లు పోసి నా చెయ్యి కడిగి, తన కొంగుతో తుడిచింది. కుండలు బోర్లించి, ఆకుసంచి నడుముకు దోపుకుని గేటు దాటి వెళ్లిపోయింది. ఆ రోజు గేటు దగ్గర ఆమెను ఆపినవాళ్లు ఎవరూ లేరు.

తర్వాత మా అమ్మకు నయమైంది. ఇంకో నెల ఆ మంచం మీదే ఉండి, సొంత కాళ్ల మీద నడిచి బండెక్కింది. ఆ ఆసుపత్రి లేకపోతే మాకు అమ్మ లేదు. అది ఎక్కడైనా చెప్తాను. దారిలో అవ్వ కునుకు తీస్తున్నప్పుడు అమ్మ నా చెవిలో, "ఎవురికీ చెప్పబాక" అంది. గంజక్కా అమ్మా ఇద్దరూ అదే మాట చెప్పారు. ఒకామె నా కోసం, ఒకామె తన కోసం. అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఏటా ఆవకాయ పెట్టేది, అందరికీ వడ్డించేది, తను మాత్రం వేసుకునేది కాదు. అవ్వ అడిగితే పథ్యం అలవాటైపోయిందనేది. అవ్వ పోయేదాకా గంజక్కను తిడుతూనే ఉంది. నేను వింటూ అన్నం తినేదాన్ని.

టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో వింజమూరు బస్టాండులో గంజక్క కనిపించింది. వేయించిన వేరుశనక్కాయల గంప ముందు పెట్టుకుని కూర్చుంది. జుట్టు నెరిసిపోయింది. నేను కిటికీలోంచి చూశాను, ఆమె కూడా చూసింది. గుర్తుపట్టదనుకున్నాను. లేచి వచ్చి కిటికీ ఊచ పట్టుకుని అడిగింది.

"మీ అమ్మ కాళ్లు ఎట్టుండాయి బిడ్డా?"

"బాగుండాయి" అన్నాను.

"నీరు పట్టలేదు గదా మళ్లా?"

"లేదు."

"చాల్లే" అని గంప దగ్గరికి పోయి కాయలు పొట్లం కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. బస్సు కదిలింది. నేను దిగి ఉండాల్సింది. దిగలేదు. ఆ పల్లె దాకా వెతుక్కుంటూ పోయే ధైర్యం నాకు వచ్చేసరికి ఆమె లేదు. ఆమె పేరేమిటని అక్కడ అడిగితే, ఉన్న ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు కూడా గంజక్కే అన్నారు.

ఇప్పుడు ఆ పొయ్యి ఉన్న చోటే క్యాంటీన్ కట్టారు. ఆ పొయ్యి గంజి ఒక్క చుక్క నాలుక మీద వేసుకోనని వెనక్కి జరిగిన మనిషి ఫోటోకు దండ వేసి, భోజనశాలకు ఆయన పేరు పెట్టారు. పిడికెడు పిడికెడు పోసిన ఆడవాళ్ల మనవరాళ్లు గంజి తెస్తే గేటు దగ్గర ఆపుతున్నారు. నాలుగు మంచి మాటలు రాయమన్నావు కదా నాయనా, నాకు తెలిసిన మంచి మాటలు ఇవే. పుస్తకంలో వేస్తావో చించి పారేస్తావో నీ ఇష్టం. వేసేటట్టయితే ఏదీ తీసేయకుండా వెయ్యి. ఈ మాటలు ఆ రోజు కొట్టంలో చెప్పాల్సినవి. చప్పిడి కుండలో ఉప్పు లేదు. నేను తాగి చూశాను.